విమానం సత్యంగారి ఉత్తరాలు

కిందటి నెలలో మా పెదనాన్న విగ్రహం ఆవిష్కరించారు. రావులపాలెం దాటాక హైవే నుంచి మా ఊరి రోడ్డు విడిపోయే చోట, అరటిగెలల లారీలు ఆగే స్థలం పక్కన, ఎత్తయిన దిమ్మె కట్టి నిలబెట్టారు. కాకినాడ నుంచి నన్ను కారు పంపించి తీసుకెళ్లారు. నాలుగు దాటినా ఎండ తగ్గలేదు. స్టేజీకి వేసిన చెక్కమెట్లు నా మోకాళ్లతో ఎక్కలేకపోతే ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. శాలువా కప్పారు. మైకు అందుకున్న ప్రతివాళ్లూ మా పెదనాన్న యుద్ధంలో శత్రువుల విమానాలు ఐదు కూల్చారని చెప్పారు. నా వంతు వచ్చేసరికి లేచి, అందరికీ నమస్కారం పెట్టి, ఆయనకి ఈ ఊరంటే ప్రాణం అని ఒక్క ముక్క అని కూర్చుండిపోయాను. చప్పట్లు బాగానే కొట్టారు. తక్కువ మాట్లాడేవాళ్లంటే ఎండలో కూర్చున్న జనానికి ఎప్పుడూ ఇష్టమే.

ఆయన కూల్చింది ఐదు కాదు, ఒకటి. ఆ సంగతి నేను చెప్పకపోలేదు. విగ్రహం పని మొదలైనప్పుడు మా ఊరి సర్పంచిగారి భర్తా, రిటైరైన హెడ్మాస్టరుగారూ కాకినాడలో మా ఫ్లాటుకి వచ్చారు. ఫోనులో ఫ్లెక్సీ నమూనా చూపించారు. అందులో పెదనాన్న ముఖం వెనక ఎగురుతున్న విమానం ఈ మధ్య కాలంది. అలాంటిదాన్ని ఆయన ముట్టుకుని కూడా ఉండరు.

"మేడమ్, ఎన్ని విమానాలు కూల్చారో కరెక్టుగా చెబితే రాయి మీద చెక్కించేస్తామండి" అన్నాడు సర్పంచిగారి భర్త.

"ఒకటండి."

"ఒకటేనాండి?"

"ఒకటే."

ఆయన హెడ్మాస్టరుగారి వైపు చూశాడు. "ఒకటంటే జనానికి ఆనదండి మేడమ్. మా కుర్రోళ్లు నెట్‌లో చూసి ఐదని రాశారు."

"వాళ్లు చూసింది ఇంకెవరి గురించో అయ్యుంటుందండి. ఇంకో మాట. హరీష్ అని, ఆయనతో పాటు ఎగిరిన కుర్రాడు. తిరిగి రాలేదు. కుదిరితే ఆ పేరు కూడా రాయి మీద వేయించండి."

"మన జిల్లావాడేనాండి?" అని అడిగారు హెడ్మాస్టరుగారు.

"కాదండి. హిమాలయాల వైపు కొండల్లో ఊరు."

"చూద్దామండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి. చూద్దామంటే ఏమిటో నలభై ఏళ్లు బడిలో హిందీ చెప్పిన నాకు తెలియనిది కాదు. ఆవిష్కరణ రోజు తెర లాగాక రాయి మీద చదువుకున్నాను. ఐదు అనే ఉంది. హరీష్ లేడు. గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేకపోయింది. మంచి ఉద్దేశంతో చేసిన పనిని తప్పుపట్టడానికి కూడా ఒక వయసుండాలి. ఆ స్టేజీ మీద చెప్పలేకపోయింది ఇంటికొచ్చి తీరుబడిగా రాసుకుంటున్నాను.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను పెరిగింది పెదనాన్నగారింట్లోనే. మా నాన్న జంగారెడ్డిగూడెం దగ్గరి పల్లెలో పొగాకు వ్యాపారి దగ్గర గుమాస్తా. మేముండే చోట ఐదో తరగతి దాటితే ఆడపిల్లని పంపడానికి దగ్గరలో బడి లేదు. పెదనాన్నకీ పెద్దమ్మకీ పిల్లలు లేరు. "పిల్లని మా దగ్గర దింపేయండి మరిదిగారూ, ఇంట్లో కాస్త చప్పుడుంటుంది" అని పెద్దమ్మ అడిగితే నాన్న కాదనలేదు. అప్పటికి పెదనాన్న విమానాల ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేసి ఏడాది. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయనకి పతకం వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే, యుద్ధమూ శత్రువూ ఏమీ లేని ఒక మామూలు ఉదయం, గాల్లో ఇంజను ఆగిపోయింది. అలాంటప్పుడు సీటుతో సహా మనిషిని పైకి విసిరేసే ఏర్పాటు ఉంటుందట. ఆ విసురుకి ప్రాణం దక్కింది గానీ వెన్నుపూస దెబ్బతింది. ఇక ఎగరడానికి పనికిరారని డాక్టర్లు తేల్చారు. నేలమీద కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఇస్తామంటే వద్దని, గోదావరి లంకలో తండ్రి ఇచ్చిన అరటితోట చూసుకుంటానని వచ్చేశారు.

ఊళ్లో ఆయన్ని విమానం సత్యంగారనేవాళ్లు. తెల్లవారకముందే లేచేవారు. పరుపు మీద పడుకుంటే నడుము పట్టేస్తుందని చెక్కబల్ల మీద దుప్పటి పరుచుకుని పడుకునేవారు. లేవగానే ఆ దుప్పటిని అంచుకి అంచు కలిపి ఎంత సరిగ్గా మడిచేవారంటే పెద్దమ్మ దాన్ని ఉతకడానికి విప్పాలన్నా జంకేది. వసారా స్తంభానికి చిన్న అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవారు. ఆ సబ్బు వాసన, నడుముకి రాసుకునే నొప్పుల తైలం వాసన, వెనక గదిలో మాగబెట్టిన గెలల తియ్యటి వాసన - ఈ మూడూ కలిస్తే నాకు ఆ ఇల్లు. ఇప్పటికీ ఏ పళ్లకొట్టు ముందు నుంచి నడిచినా మూడో వాసన వచ్చి, మిగతా రెండూ ఎందుకు రాలేదా అని ఒక్క క్షణం వెతుక్కుంటాను. పొద్దున్నే తరవాణి అన్నంలో మాగాయ ముక్క నంజుకుని తినేవారు. దేశమంతా తిరిగినా, ఎన్ని రకాలు తిన్నా, ఆ పుల్లటి చల్లటి అన్నం దగ్గరికే వచ్చానని నవ్వేవారు. తోటకి సైకిలు మీద వెళ్లేవారు. ఎక్కేముందు సైకిలు చుట్టూ ఒకసారి నడిచి, టైర్లు నొక్కి, చైను చూసి, బ్రేకులు రెండూ పట్టి వదిలేవారు. ప్రతిరోజూ అంతే. "అది ఎగరదండీ" అనేది పెద్దమ్మ వంటింట్లోంచే. ఆయన వినిపించుకోనట్టు ఉండేవారు. గడప దాటగానే ఎవరమైనా కాళ్లకింద చూసుకుంటాం. ఆయన ముందు ఆకాశం వైపు చూసి, తర్వాత చెప్పులు వెతుక్కునేవారు. "సత్యంగారూ, సాయంత్రం వానుంటుందాండి?" అని రైతులు ఆపి అడిగేవాళ్లు. ఆయన చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది.

యుద్ధం గురించి ఆయన మాట్లాడేవారు కాదు. ఆగస్టు పదిహేనుకి మా హైస్కూల్లో జెండా ఎగరెయ్యడానికి పిలిచేవాళ్లు. పిల్లలు ప్రశ్నలడగాలని మాస్టర్లు ముందే నేర్పించి ఉంచేవాళ్లు. "ఎన్ని విమానాలు కూల్చారండి?" అంటే "ఒకటి" అనేవారు. "ఎలాగండి?" అంటే "వెనకనుంచి" అనేవారు. అంతటితో కూర్చునేవారు. పిల్లలకి ఏమీ అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం సిగ్గేసేది, మా పెదనాన్న ఇంకొంచెం బాగా చెబితే బాగుండునని. పెద్దమ్మకి మాత్రం గర్వం దాగేది కాదు. ఢిల్లీలో రాష్ట్రపతి చేతులమీదుగా అందుకున్న ఆ పతకాన్ని ప్రతి శుక్రవారం విబూది పెట్టి తోమేది. చుట్టాలెవరొచ్చినా కాఫీ కంటే ముందు అది వచ్చేది. పతకం పెట్టె తెరిచిన చప్పుడు వినబడగానే పెదనాన్నకి తోటలో ఏదో పని గుర్తొచ్చేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఉత్తరం వచ్చింది. హిందీలో ఉంది. పెదనాన్న వాకిట్లో నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. రెండు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూడోరోజు భోజనం దగ్గర, "హరీష్ వాళ్లమ్మగారు వస్తున్నారు. నాలుగు రోజులుంటారేమో" అన్నారు పెద్దమ్మతో.

"ఏ హరీషండీ?"

"నాతో పాటు ఎగిరేవాడు. యుద్ధంలో పోయాడు."

"అయ్యో, ఆ అబ్బాయా" అంది పెద్దమ్మ. పతకం కథలో పేరు విని ఉంది, అంతే. తర్వాత నన్ను పిలిచి, "నాకు ఆ భాష ఒక్క ముక్క రాదే భారతీ. నువ్వు హిందీ పరీక్షలు రాస్తున్నావు కదా. ఆవిడున్నన్నాళ్లూ నా పక్కనే ఉండు" అంది. నా హిందీ అప్పటికి పుస్తకంలోది. అయినా గొప్పగా ఒప్పుకున్నాను.

పెదనాన్న రాజమండ్రి స్టేషనుకి వెళ్లి తీసుకొచ్చారు. కారు దిగినావిడ నాకంటే కొంచెమే పొడుగు. ముఖమంతా ముడతలు. మా కోనసీమ ఉక్కలో కూడా భుజాల మీద ఉన్ని శాలువా. ఒక గుడ్డసంచీ, అందులో మాకోసం తెచ్చిన అక్రోటుకాయలు. అంతదూరం ఒక్కత్తీ, అడ్రసు రాసిన కాగితం చూపించుకుంటూ వచ్చిందట. ఆవిడకి చదువు రాదు. ఉత్తరం ఆవిడ కూతురు రాసింది. వాకిట్లో నిలబడి నలువైపులా చూసి మొట్టమొదట అడిగిన మాట, "ఇక్కడ కొండలేవీ లేవా?"

నేను తెలుగులో చెప్పాను. "లేవమ్మా, ఎటుచూసినా నీళ్లే" అంది పెద్దమ్మ.

"అయితే గాలి ఎక్కడ ఆగుతుంది?" అని అడిగిందావిడ.

రెండు రోజులు గడిచాయి. ఆవిడ ఊరికే కూర్చోలేదు. పెద్దమ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన చతికిలబడి తానూ తీసేది. పెద్దమ్మ గట్టిగా మాట్లాడితే తెలుగు అర్థమవుతుందనుకుని ఇంకా గట్టిగా మాట్లాడేది. ఆవిడ తన భాషలో ఏదో అనేది. మధ్యలో నేను తెలిసింది చెప్పి, తెలియంది మింగేసేదాన్ని. హరీష్ చిన్నప్పుడు విమానం చప్పుడు వినబడితే మేకల్ని వదిలేసి కొండకొమ్ము మీదికి పరిగెత్తేవాడని చెప్పింది. తండ్రి కొట్టేవాడట. ఫోటో చూపించింది. మీసాలు ఇంకా సరిగా రాని ముఖం. ఈ రెండు రోజులూ పెదనాన్న పొద్దున్న తోటకి వెళ్లి భోజనానికి వచ్చి మళ్లీ తోటకి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో అంత పని తోటలో లేదని నాకు కూడా తెలుసు.

మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ నాతో అంది: "మీ పెదనాన్నని వచ్చి కూర్చోమను బేటీ. నేను ఇంత దూరం మీ ఇంట్లో అన్నం తిని పోదామని రాలేదు."

నేను వెళ్లి చెప్పాను. ఆయన అరటి పిలకలు కోస్తున్న కత్తి అక్కడే పెట్టి, కాలవలో చేతులు కడుక్కుని, సైకిలు అక్కడే వదిలేసి నాతో నడిచి వచ్చారు. వసారాలో ఆవిడకి ఎదురుగా బల్లమీద కూర్చున్నారు. పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చుని నన్ను తనకి ఆనుకునేలా లాక్కుంది. "ఏం మాట్లాడుకుంటున్నారో నాకు చెప్పు" అంది చెవిలో.

ఆవిడ అడిగింది ఒక్కటే. వాడు ఎలా పోయాడు? ప్రభుత్వం పంపిన కాగితంలో శత్రువుల కాల్పుల్లో వీరమరణం అని ఉందట. ఊళ్లో చదువుకున్నవాళ్లు చదివి వినిపించారట. "అది కాగితం మాట. నువ్వు పక్కనున్నావు. నువ్వు చెప్పు."

పెదనాన్న చెప్పడం మొదలుపెట్టారు. రెండు విమానాలు వెళ్లాయి. ఒకటి తనది, రెండోది హరీష్‌ది. తను శత్రువు వెంటపడి కూల్చేలోగా ఇంకొకడు వెనకనుంచి వచ్చాడు. హరీష్ అడ్డం వెళ్లాడు. అతని విమానానికి దెబ్బ తగిలింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. నేను ఒక్కో ముక్కా పెద్దమ్మ చెవిలో తెలుగు చేస్తున్నాను. పెద్దమ్మ గర్వంగా తలూపుతోంది. అక్కడిదాకా ఆవిడకి తెలిసిన కథే, పతకంతో పాటు వచ్చిన కథ.

తర్వాత పెదనాన్న ఆగారు. నడుము నొప్పితో ఆగారనుకున్నాను.

"వాడు రేడియోలో నన్నడిగాడు, పొగ వస్తోంది, దూకెయ్యనా అని. కింద ఇంకా వాళ్ల నేల. దొరికితే ఏం చేస్తారో అని నాకు భయం. మన వైపు నది కనబడుతోంది. ఆగు, రెండు నిమిషాలు, అన్నాను. నేను అలా అనకపోతే దూకేవాడు. వాడు ఆగాడు. నిమిషం కూడా కాలేదు."

నేను తెలుగు చెప్పడం ఆపేశాను. "ఏంటంటున్నారే?" అంది పెద్దమ్మ. "చెప్పవే" అని నా చెయ్యి నొక్కింది. చెప్పాను. నాకొచ్చిన మాటల్లో, పదమూడేళ్ల పిల్ల చెప్పగలిగినంత. దూకెయ్యనా అని అడిగితే పెదనాన్న ఆగమన్నారట. ఆగితే విమానం పేలిపోయిందట. తన మొగుడు ఇన్నేళ్లుగా చెప్పని మాట పెద్దమ్మ నా నోట వినాల్సి వచ్చింది. నా చేతిమీద ఆవిడ పట్టు వదులైపోవడం నాకు తెలిసింది.

హరీష్ తల్లి కొంచెం ముందుకి జరిగి కూర్చుంది. తర్వాత అడిగింది, "వాడు భయపడ్డాడా?"

"లేదమ్మా. సెలవు అడిగినట్టు అడిగాడు."

"నువ్వు ఆగమన్నాక ఏమన్నాడు?"

"ఠీక్ హై సర్ అన్నాడు."

ఆవిడ ఆ మాట తనలో తాను ఒకసారి అనుకుంది. శాలువా కొంగు తీసుకుని ముఖం తుడుచుకుంది. ఏడుస్తున్నట్టు లేదు, చెమట తుడుచుకున్నట్టే ఉంది. అప్పుడు పెదనాన్న వైపు చూసి నెమ్మదిగా అంది: "ఈ మాట నువ్వు చెప్పకపోయినా బాగుండేది బాబూ."

లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. క్షమించానని గానీ, నీ తప్పేముందని గానీ అనలేదు. తిట్టనూ లేదు. సాయంత్రం నన్ను పిలిచి రైలు ఎన్నింటికని అడిగింది. మర్నాడు పెదనాన్నతో పాటు నేనూ రాజమండ్రి వెళ్లాను. రైలెక్కేముందు పెదనాన్న ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టారు. ఆ నడుముతో అంత కిందికి వంగడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకోలేదు, ఆయన తలమీద చెయ్యీ వెయ్యలేదు. నా బుగ్గ నిమిరి పెట్టెలోకి ఎక్కేసింది. బండి కదిలి గోదావరి వంతెన మీద చప్పుడు మొదలయ్యేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.

ఆ శుక్రవారం పెద్దమ్మ పతకం తోమలేదు. దాన్ని ఇనప్పెట్టెలో పట్టుచీరల అడుగున పెట్టేసింది. తర్వాత ఏ చుట్టానికీ చూపించలేదు. రెండుమూడు రోజులకి కాబోలు, ఆయన గడ్డం గీసుకుంటుంటే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "నాకు చెప్పాలనిపించలేదాండి?" అని అడిగింది.

ఆయన అద్దంలోంచే చెప్పారు. "నీకు చెబితే నువ్వు నా తరఫున మాట్లాడతావు రత్నం. అది వద్దనిపించింది."

నిజమే, ఆవిడ ఆయన తరఫునే మాట్లాడేది. ఆ తర్వాత కూడా నాతో ఎన్నిసార్లు అందో: "వాళ్ల చేతికి చిక్కకూడదనే కదే ఆగమన్నారు. బతికించుకుందామనే కదా." ఆయన ముందు మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడాది, హరీష్ పోయిన రోజు దగ్గరపడుతుండగా పెదనాన్న నన్ను పిలిచారు. "అమ్మలూ, హిందీలో ఒక ఉత్తరం రాయాలి. నాకు మాట్లాడ్డమే గానీ తప్పుల్లేకుండా రాయడం రాదు. నేను చెబుతా, నువ్వు రాయి." క్షమించమని రాయిస్తారనుకున్నాను. అదేమీ లేదు. మాతాజీకి నమస్కారాలు, ఈసారి గోదావరికి వరద ఎంత వచ్చిందీ, తోట ఎలా ఉందీ, నా చదువెలా ఉందీ. చివర్లో నాలుగు వాక్యాలు హరీష్ గురించి. హరీష్‌కి బల్లులంటే భయం. గదిలో బల్లి కనబడితే మంచం బయట వేసుకుని పడుకునేవాడు. ఆకాశంలో దేనికీ భయపడనివాడు బల్లికి భయపడతాడేమిటని మేమంతా ఏడిపించేవాళ్లం. అంతే. కింద సంతకం ఆయన పెట్టారు.

జవాబు రాలేదు. మరుసటి ఏడాది మళ్లీ రాయించారు. ఈసారి హరీష్ పచ్చి ముల్లంగి ఉప్పు అద్దుకుని తినేవాడన్న సంగతి. ఆ తర్వాతి ఏడు, పాటొస్తే చాలు తప్పు రాగంలో అయినా పాడేవాడన్న సంగతి. బూట్లు చివరి నిమిషం దాకా కట్టుకోడన్న సంగతి. చెల్లెలు పంపిన ఊరగాయ ఎవరికీ పెట్టకుండా విమానం రెక్క కింద మంచం వేసుకుని ఒక్కడే తినేవాడన్న సంగతి. నాకు పెళ్లయి కాకినాడ వచ్చేశాక కూడా ఆ రోజులకి నేను ఊరు వెళ్లేదాన్ని. వెళ్లలేని ఏడు ఆయన ఫోనులో చెబితే రాసి ఇక్కడే పోస్టు చేసేదాన్ని. పోస్టు చేశాక ఓ పదిహేను రోజులు ఆయన పోస్టుమాన్ వచ్చే వేళకి గేటు దగ్గర ఏదో పని పెట్టుకునేవారని పెద్దమ్మ చెప్పేది. నేను ఒకసారి ఉండబట్టలేక, "నేను విడిగా ఒక ముక్క రాయనా పెదనాన్నా, మీరు ఎదురుచూస్తున్నారని" అన్నాను. "రాయకు. అడిగి రాయించుకునేది కాదు. ఆవిడిష్టం" అన్నారు. నేను ఆ మాట దాటలేదు. దాటి ఉంటే ఏమయ్యేదోనని చాలా ఏళ్లు అనుకుంటూ ఉన్నాను.

హరీష్‌తో ఆయన కలిసున్నది ఏడాది కూడా కాదు. ఒక మనిషి గురించి ఎన్నని గుర్తుంటాయి? డెబ్బై దాటాక ఒక ఏడు ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుని, "ఈసారి కొత్తది ఏదీ రావడం లేదమ్మలూ" అన్నారు.

నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. "ఏదో ఒకటి రాసేద్దాం పెదనాన్నా. కుర్రవాళ్లన్నాక ఏం చేస్తారో మనకి తెలియదా? ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?"

"ఆవిడకి అబద్ధం చెప్పేవాణ్నయితే ఆ రోజే చెప్పేవాణ్ని కదమ్మా" అన్నారు. ఆ ఏడు ఉత్తరంలో, మాతాజీ, ఈ సంవత్సరం నాకు కొత్తగా ఏమీ గుర్తు రాలేదు, క్షమించండి, అని రాయించారు. క్షమించండి అనే మాట ఆయన ఉత్తరాల్లో వాడింది అదొక్కసారే.

పెద్దమ్మ పోయాక ఆయన్ని కాకినాడలో నా దగ్గరికి తీసుకొచ్చేశాను. ఫ్లాటు బాల్కనీలోంచి ఆయనకి ఆకాశం చేటంతే కనబడేది. తోట కౌలుకిచ్చేశాం. ఈ రోజుల్లో ఎవరికైనా ఎవరి గురించైనా ఫోను తీస్తే చాలు, పొద్దున్న తిన్న టిఫినుతో సహా తెలిసిపోతుంది. మా మనవలు నా పక్కనే కూర్చుని పక్క గదిలోవాళ్లకి మెసేజీలు పెట్టుకుంటారు. నేను వాళ్లని తప్పుపట్టను. వాళ్లు ఒకరినొకరు వదిలిపెట్టకుండా ఉండటానికి వాళ్ల పద్ధతి అది. నాకు మాత్రం ఏడాదికొక్క ఉత్తరం, అందులో నాలుగు వాక్యాలు, వాటికోసం మూడు నెలల ముందునుంచి జ్ఞాపకాన్ని తవ్వుకునే మనిషి - ఆ బరువు ఇప్పుడెవరూ మొయ్యలేరనిపిస్తుంది. మొయ్యాలని కూడా నేను అనను. పక్కనుండి చూసిన నాకే ఇంత అలసటగా ఉంది.

ఆయన ఒక వేసవిలో, పగలు భోజనం చేసి పడుకుని లేవలేదు. ఆ ఏడు ఉత్తరానికి ఇంకా ఏడు నెలలుంది. కర్మకాండలు అయ్యాక నేను మొదటిసారి నా సంతకంతో ఆ కొండల ఊరి అడ్రసుకి రాశాను. పెదనాన్న పోయారు, ఇకనుంచి ఉత్తరాలు రావు, తెలియజేయాల్సిన బాధ్యత ఉంది కాబట్టి రాస్తున్నాను అని. అక్కడ అసలు ఎవరున్నారో, ఇన్నేళ్లూ ఆ ఉత్తరాలు ఎవరి చేతికి వెళ్లాయో కూడా నాకు తెలియదు.

మూడు వారాలకి జవాబొచ్చింది. హరీష్ చెల్లెలు రాసింది. పేరు కమల. ఆవిడ కూడా బడిలో పని చేసి రిటైరైందట. హిందీ అక్షరాలు గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు ఉన్నాయి. వాళ్లమ్మ పోయి ఇరవై ఏళ్లకు పైనే అయిందని రాసింది. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. ఇక్కడ కొంచెం తెలుగు చేస్తాను.

"మీ పెదనాన్నగారి ఉత్తరం వచ్చిన రోజు అమ్మ వంట చేసేది కాదు. నేను చదవాలి, ఆమె వినాలి. అన్నయ్య గురించి రాసిన దగ్గర రెండుసార్లు చదివించుకునేది. బల్లి సంగతి విని నవ్వింది. అన్నయ్య పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. జవాబు రాస్తానమ్మా, పాపం ఆయన ఎదురుచూస్తాడు అని ప్రతి ఏడూ అనేదాన్ని. వద్దనేది. 'జవాబిస్తే వాడికి మనసు తేలికపడుతుంది. మనసు తేలికపడితే రాయడం మానేస్తాడు' అనేది. అమ్మ పోయాక నిజం రాసేద్దామని కాగితం తీసుకున్నాను. కానీ అప్పటికి మా నాన్న లేడు, అమ్మ లేదు, ఊళ్లో అన్నయ్య ముఖం గుర్తున్నవాళ్లు కూడా మిగల్లేదు. మా అన్నయ్య గురించి నాకు కొత్త మాట చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కరే. నాకూ రాయబుద్ధి కాలేదు. కొత్తగా ఏమీ గుర్తు రాలేదని రాసిన ఉత్తరం కూడా దాచుకున్నాను. ఇది తప్పని నాకు తెలుసు. చెప్పుకోవడానికి ఆయన లేరు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను."

ఈ ఉత్తరం కొన్ని నెలలు ముందొచ్చి ఉంటే ఆయన చదువుకునేవారు కదా అని మొదట్లో ఏడ్చాను. తర్వాత ఏడవడం మానేశాను. ఆయన ఊపిరితో ఉన్నన్నాళ్లూ అది వచ్చేది కాదు.